వేలిముద్రకు తాళం వేస్తే రేషన్ ఆగుతుందా? పత్తి పైసలున్న ఇంటికి ఏఈపీఎస్ జాగ్రత్తలు

మీరు అడిగింది ఇదీ: జమ్మికుంట దగ్గర ఊళ్లో అమ్మా బాపు ఉంటారు. బాపు పత్తి వేస్తాడు, అమ్మకు బీడీ కార్మికుల పింఛను వస్తుంది, మీరేమో హైదరాబాద్‌లో. వేలిముద్రల నకళ్లతో ఖాతాలు ఖాళీ అవుతున్నాయన్న వార్తలు చూసి ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్ర, కంటిపాప, ముఖం పనిచేయకుండా ఆపే తాళం, వేద్దామనుకున్నారు. ఊళ్లో పైసలు తీసిచ్చే సర్వీస్ పాయింట్ అతనేమో "లాక్ చేస్తే రేషన్ బంద్, పింఛను బంద్" అన్నాడు. ఇప్పుడు పింఛన్లకు ముఖ గుర్తింపు వస్తోంది కదా, ఈ వేలిముద్రల బెడద దానంతటదే పోదా అన్నది మీ రెండో ప్రశ్న.

లాక్ వేయండి, ఇద్దరికీ వేయండి. రేషన్ ఆగదు. వేలు పెట్టాల్సిన రోజున పది నిమిషాలు తెరిచి, పని కాగానే అది మళ్లీ మూసుకునేలా చూసుకోవాలి, అంతే. ముఖ గుర్తింపు వల్ల బెడద పోతుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. కారణం కింద చెప్తాను. ముందు అసలు డబ్బు ఎట్లా పోతుందో అర్థం కావాలి, లేకపోతే తాళం ఒకచోట వేసి ఇంకో తలుపు తెరిచిపెట్టినట్టవుతుంది.

ఊళ్లో వేలు పెట్టి పైసలు తీసే పద్ధతి పేరు ఏఈపీఎస్ (ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్). దానికి కావాల్సినవి మూడే: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, పిన్ అడగదు, కార్డు అక్కర్లేదు. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. రోజుకు ఎన్నిసార్లన్నది బ్యాంకును బట్టి మారుతుంది. చాలామంది ఖాతాల్లో ఈ సౌకర్యం వాళ్లు అడక్కుండానే తెరిచి ఉంటుంది. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మీ బాపు పదిహేను క్వింటాళ్లు సర్కారు పత్తి సంస్థ సీసీఐకి అమ్మినా లక్షా ఇరవై వేలు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోనే వచ్చి పడుతుంది. పత్తి పైసలు పడ్డాక నాలుగైదు వారాలు, అంటే అప్పులు తీర్చి, విత్తనాల షావుకారుకు కట్టేదాకా, ఆ ఖాతా కళకళలాడుతూ ఉంటుంది. ఎసరు పెట్టేవాడికి కావాల్సింది ఆ వారాలే.

ఇక్కడే చాలామంది, బ్యాంకు సిబ్బందితో సహా, పొరబడే సంగతి ఒకటుంది. ఆధార్ సంస్థ వాళ్ల మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని చూస్తే ఒకే బ్యాంకు పేరు కనిపిస్తుంది. అది సర్కారు పైసలు జమయ్యే ఖాతా. దాన్ని చూసి "నాకు ఈ ఒక్క ఖాతాకే ప్రమాదం" అనుకుంటారు. కాదు. ఏఈపీఎస్‌లో దుకాణం అతను తెరమీద బ్యాంకును తానే ఎంచుకుంటాడు, ఆ బ్యాంకు తన దగ్గర ఆ ఆధార్ నంబరుకు కలిపి ఉన్న ఖాతాను వెతుక్కుంటుంది. మీ బాపుకు గ్రామీణ బ్యాంకులో ఒక ఖాతా, పంట లోను ఉన్న బ్యాంకులో ఇంకోటి, ఎప్పుడో తీసిన జన్‌ధన్ ఖాతా మరోటి ఉండి, మూడింటికీ ఆధార్ కలిపి ఉంటే మూడూ తెరిచి ఉన్నట్టే. కాబట్టి ముందు ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులన్నీ ఒకచోట పెట్టి లెక్క తీయండి.

ఇక వేలిముద్ర దొంగకు ఎక్కడ దొరుకుతుంది? దీనికి దూరం పోనక్కర్లేదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డుల వ్యాపారం చేసే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు నకళ్లు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు బయటపెట్టారు. సిమ్‌ల అమ్మకం టార్గెట్ కోసం చేసిన పని అది. అట్లాంటి నకలుతోనే బ్యాంకు ఖాతాలోంచి పైసలూ తీస్తారు. దస్తావేజులో ఆధార్ నంబరూ, ముద్రా ఒకే కాగితం మీద ఉండటమే ఇందులో ప్రాణాంతకమైన విషయం. "మా బాపు పైసలు తీసేటప్పుడు కుడిచేతి చూపుడువేలే పెడతాడు, కాగితాల మీద ఎడమ బొటనవేలు, కాబట్టి పర్వాలేదు" అని కొందరు అంటుంటారు. ఆధార్‌లో పది వేళ్లూ నమోదై ఉంటాయి. పదింట్లో ఏది సరిపోలినా యంత్రం ఔనంటుంది.

ఆ తరవాత ఆధార్ సంస్థ కొన్ని మంచి మార్పులు చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. పెట్టింది బతికున్న వేలా, రబ్బరు ముక్కా అని చూసే పరీక్షను 2023లో తెచ్చింది. ముద్రను యంత్రంలోని చిప్‌లోనే సంకేతంగా మార్చే ఎల్1 రకం పరికరాలకు మళ్లించింది. ఏఈపీఎస్ దుకాణాలు నడిపేవాళ్లను బ్యాంకులు ఎట్లా పరిశీలించాలో రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది. అవి 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వరసగా మూడు నెలలు ఒక్క లావాదేవీ కూడా చేయని దుకాణదారుడిని మళ్లీ కేవైసీ (గుర్తింపు పరిశీలన) చేశాకే పని చేయనివ్వాలన్నది అందులో ఒకటి. ఇవన్నీ నకిలీ వేలిని ఆపేవి. నిజమైన వేలితోనే జరిగే మోసాన్ని ఇవేవీ ఆపలేవు. మీ ఊరి లాంటి చోట నేను ఎక్కువ భయపడేది దానికే.

అది ఇట్లా జరుగుతుంది. మీ అమ్మ "ఖాతాలో ఎంతుందో చూడు బిడ్డా" అని వేలు పెడుతుంది. దుకాణం అతని ఫోన్‌లో బ్యాలెన్స్ ఎంక్వైరీ, మినీ స్టేట్‌మెంట్, క్యాష్ విత్‌డ్రాయల్ అని వరసగా మీటలుంటాయి. వేలు పెట్టే యంత్రం ఒకటే, దాని ఎర్రలైటు ఏ మీట నొక్కినా ఒకేలా వెలుగుతుంది. అతను బ్యాలెన్స్ అని చెప్పి విత్‌డ్రాయల్ నొక్కితే వేలు పెట్టిన మనిషికి తెలిసే దారే లేదు. రెండో రకం: వెయ్యి తీయమంటే "ముద్ర పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అని రెండుమూడుసార్లు పెట్టిస్తారు. బీడీలు చేసే చేతులకు ముద్ర నిజంగానే పడదు. ఏళ్ల తరబడి ఆకు చుట్టీ, దారం కట్టీ వేలి కొసల గీతలు అరిగిపోతాయి. కాబట్టి మళ్లీ పెట్టమంటే ఆమెకు అనుమానం రాదు. మొదటిసారే డబ్బు కట్టయి ఉండొచ్చు. రెండోసారి పెట్టింది ఇంకో లావాదేవీ కావచ్చు.

దీనికి మందు లాక్ ఒక్కటే కాదు, అలవాటు కూడా. వేలు పెట్టే ముందు తెరను తనవైపు తిప్పి చూపమనాలి. అంకె చదవడం వస్తే చాలు, ఇంగ్లీషు రానక్కర్లేదు. బ్యాలెన్స్ చూడటానికి తెరమీద రూపాయల అంకె ఉండకూడదు. పడలేదన్న ప్రతిసారీ ఆ ఫెయిల్ అయిన స్లిప్పు అడగాలి. ప్రతి స్లిప్పు మీదా ఆ లావాదేవీని గుర్తించే పన్నెండంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు ఉంటుంది. తరవాత తగాదా వస్తే బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న అదే. స్లిప్పు ఇవ్వని దుకాణంలో వేలు పెట్టొద్దని అమ్మకు ఖచ్చితంగా చెప్పండి. ప్రింటర్ పాడైందంటే తెరను ఫొటో తీసుకోవచ్చు. బ్యాలెన్స్ కోసం వేలు పెట్టాల్సిన పనే లేదు. చాలా బ్యాంకులకు మిస్డ్ కాల్ నంబరుంటుంది, ఖాతాకు కలిపిన ఫోన్ నుంచి కొడితే మెసేజ్ వస్తుంది. ఆ నంబరు ఆమె ఫోన్‌లో "బ్యాంకు" అని తెలుగులో సేవ్ చేసి పెట్టండి.

ఇప్పుడు లాక్ సంగతి. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయితే "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" అని ఒక పెట్టె కనిపిస్తుంది. అందులోకి వెళ్లి, లాక్ అయ్యాక వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏవీ పనిచేయవని అర్థమైందన్న గడిలో టిక్ పెట్టి ముందుకెళ్తే అయిపోతుంది. దాని పక్కనే "లాక్/అన్‌లాక్ ఆధార్" అని ఇంకోటి ఉంటుంది, అది వేరు. అది నొక్కితే ఆధార్ నంబరే పనిచేయడం మానేసి, పదహారంకెల వర్చువల్ ఐడీ ఇస్తేనే పనవుతుంది. రేషన్ షాపులో, పోస్టాఫీసులో ఆ పదహారంకెలు చెప్పుకుంటూ తిరగడం మీ అమ్మానాన్నల వల్ల కాదు. "లాక్ చేస్తే అన్నీ బంద్" అన్న పుకారు సగం పుట్టింది ఈ రెండిటినీ కలగలపడం వల్లేనని నా నమ్మకం. మీకు కావాల్సింది బయోమెట్రిక్ లాక్ ఒక్కటే.

తెరవాలంటే అదే పేజీలో రెండు దారులుంటాయి: తాత్కాలికంగా తెరవడం, లాక్‌నే పూర్తిగా తీసేయడం. తాత్కాలికం నొక్కితే పది నిమిషాలు తెరిచి ఉండి, తనంతట తానే మూసుకుంటుంది. రెండోది నొక్కకండి. ఒకసారి పూర్తిగా తీసేసి, మళ్లీ వేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ మీ ఇంటికి సంబంధించిన ముడి ఒకటుంది, వాళ్లు ఊళ్లో, మీరు పట్నంలో. వాళ్ల ఆధార్‌కు ఎవరి ఫోన్ నంబరుంది? మీ నంబరుంటే, అమ్మ రేషన్ షాపు వరసలో ముందుకొచ్చాక ఫోన్ చేస్తే మీరు వెబ్‌సైట్ నుంచే తెరవొచ్చు. కొత్త ఆధార్ యాప్‌లోనూ తాళం తీసి వేయడం తేలికే. కానీ దాన్ని ఫోన్‌లో మొదట పెట్టుకునేటప్పుడు ఆ మనిషి ముఖం చూపించాలి, కాబట్టి దసరాకు ఊరికి పోయినప్పుడు చేసుకోవాల్సిన పని అది. దూరం నుంచైతే వెబ్‌సైటే నయం. మీ నంబరు పెట్టడంలో ఒక చిక్కుంది. వాళ్ల ఓటీపీలన్నీ మీకే వస్తాయి. పత్తి అమ్మకానికి స్లాట్ తీసుకునే రోజో, పట్టాదారు పాసుబుక్ పనుల రోజో మీరు మీటింగులో ఉంటే వాళ్లు కౌంటర్ దగ్గర నిలబడిపోతారు. ఇంటర్ చదివే చెల్లెలో, నమ్మకమైన మేనల్లుడో ఇంట్లో ఉంటే ఊళ్లోనే ఉండే నంబరు మేలు. ఎవరూ లేకపోతే మీదే పెట్టండి. అసలు పెట్టకూడనిది దుకాణం అతని నంబరు. పాత ఆధార్లు చాలావాటికి నమోదు చేసినవాడి నంబరో, ఊరి పెద్దమనిషి నంబరో ఇంకా అట్లాగే ఉంది. అది ముందు మార్పించండి. ఆధార్ కేంద్రంలో 75 రూపాయలు. పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి కూడా ఫోన్ నంబరు మారుస్తాడు.

లాక్ వల్ల ఏవి ఆగుతాయి, ఏవి ఆగవు అన్నది స్పష్టంగా తెలిస్తే సగం భయం పోతుంది. ఖాతాలోకి వచ్చే పైసలు ఏవీ ఆగవు. రైతు భరోసా, పీఎం కిసాన్, సీసీఐ పత్తి పైసలు, ఉపాధి కూలి ఇవన్నీ నేరుగా ఖాతాలో జమయ్యేవి, వేలితో పనిలేదు. పీఎం కిసాన్ ఈకేవైసీ ఓటీపీతో చేయొచ్చు, లాక్ ఉన్నా అవుతుంది. సీసీఐకి పత్తి అమ్మడానికి వాడే కపాస్ కిసాన్ యాప్‌లో రిజిస్ట్రేషన్, స్లాట్ బుకింగ్ ఫోన్ ఓటీపీతో నడుస్తాయి. మిల్లు దగ్గర ఎవరైనా వేలో ముఖమో అడిగితే అప్పుడు తెరవండి. రేషన్‌కు కార్డులో పేరున్న ఎవరో ఒక్కరు వేలు పెడితే చాలు కాబట్టి బాపుది ఎప్పుడూ మూసే ఉంచి, అమ్మది మాత్రం తెరవొచ్చు. లేదా ముద్ర బాగా పడేది ఎవరిదో వాళ్లది తెరవండి. సిమ్ కొనేటప్పుడు, భూమి రిజిస్ట్రేషన్ రోజున, వేలు పెట్టి పైసలు తీసేటప్పుడు తెరవాల్సి వస్తుంది. పింఛను పోస్టాఫీసులో ఆధార్ ద్వారా వేలో ముఖమో సరిచూసి ఇస్తుంటే అదీ అంతే.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, వరస ఇంకా ఇరవై మంది ఉండగానే తెరుస్తారు. పది నిమిషాలు అయిపోతాయి, యంత్రం కాదంటుంది, డీలర్ "నీ ఆధారే ఖరాబైంది" అంటాడు. అప్పుడు యంత్రంలో వచ్చే కోడ్ చూడమనండి. 330 అంటే తాళం ఉంది, ఇంకోసారి తెరిస్తే చాలు. 300 అంటే తాళం లేదు, ముద్రే సరిపోలలేదు. 300 వస్తే వేలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, ఇంకో వేలు పెట్టాలి. బొటనవేలు, చూపుడువేలు అరిగిపోయిన బీడీ కార్మికులకు ఉంగరపు వేలో చిటికెన వేలో పడటం మామూలే. ఏ వేలు బాగా పడుతుందో ఒకసారి తెలుసుకుని అదే పెట్టమని అలవాటు చేయండి. ఏ వేలూ పడకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్స్ మళ్లీ ఇవ్వాలి, దానికి 125 రూపాయలు.

వేలు పడలేదని బియ్యమో పింఛనో ఇవ్వకుండా తిప్పి పంపితే మాత్రం ఊరుకోవద్దు. ఆధార్ సరిపోలలేదన్న కారణంతో లబ్ధిదారుకు రావాల్సింది ఆపొద్దు, వేరే గుర్తింపు చూసి, రిజిస్టరులో రాసుకుని ఇవ్వండి అని ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న సర్క్యులర్ ఇచ్చింది. ఆ తేదీ చెప్పి తహసీల్దార్‌కు గానీ ఎంపీడీవోకు గానీ ఒక కాగితం రాసిస్తే కదలిక ఉంటుంది.

ఇక ముఖ గుర్తింపు. మన రాష్ట్రంలో ఇది కొత్తేం కాదు. రిటైర్డ్ ఉద్యోగులు సెల్ఫీతో జీవన ధ్రువీకరణ చేసుకోవడం రాష్ట్ర సర్కారు యాప్ టీ యాప్ ఫోలియోలో కొన్నేళ్ల కిందటే వచ్చింది, 2025లో పోస్టాఫీసు పింఛన్లకూ తెచ్చారు. వేలిగీతలు అరిగినవాళ్లకు ఇది నిజంగా మేలు, అందులో అనుమానం లేదు. ఫొటో చూపించి మోసం చేయడం అంత తేలిక కాదు, కన్ను ఆర్పమంటుంది, కదలిక చూస్తుంది. కానీ నేను పైన చెప్పిన మొదటి రకం మోసం, ఒకటి చెప్పి ఇంకోటి నొక్కడం, ముఖంతో ఇంకా సులువవుతుంది. వేలు పెట్టాలంటే కనీసం మనిషి చెయ్యి చాపాలి, ఎందుకని అడగడానికి ఒక క్షణం ఉంటుంది. ముఖానికి ఎదురుగా ఫోన్ పట్టుకుని "ఇటు చూడమ్మా, కన్నార్పు" అంటే చాలు. తెర అతనివైపు ఉంటుంది, అమ్మకు కనిపించేది ఫోన్ వీపు. పింఛనుకో, సిమ్‌కో, లోనుకో ఆమెకెట్లా తెలుస్తుంది? కాబట్టి ముఖ గుర్తింపు వచ్చిన ప్రతిచోటా రెండో అడ్డు కూడా ఉండాలి: మొత్తం ఎంతో, ఏ పనికో తెలుగులో గట్టిగా చదివి వినిపించాలి, లేదా ఆ మనిషి ఫోన్‌కు వచ్చిన నంబరు అడగాలి. ఆ రెండూ లేకుండా వేలు తీసి ముఖం పెట్టడాన్ని భద్రత అని ప్రచారం చేయడం నాకు సమ్మతం కాదు. వేలైనా ముఖమైనా ఫలానా మనిషి వీళ్లే అని చెప్తుందే తప్ప, ఈ పనికి వీళ్లు ఒప్పుకున్నారని చెప్పదు. ఈ రెండింటినీ ఒకటి చేయడమే ఏఈపీఎస్‌లో మొదటి నుంచీ ఉన్న లోపం.

యంత్రం మాటే ఆఖరి మాట అయితే ఏమవుతుందో తెలంగాణకు బాగా తెలుసు. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ రకరకాల శాఖల సమాచారం కలిపి, ఈ ఇంటికి కారుంది, ఆ ఇంటికి ఇంకేదో ఉందని లెక్కగట్టింది. దాని ఆధారంగా లక్షల రేషన్ కార్డులు గడప తొక్కి చూడకుండానే రద్దయ్యాయి. 2022లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. తప్పు యంత్రానిదైనా, అది తప్పని నిరూపించుకునే భారం పేదవాడి మీద పడింది. ఏఈపీఎస్‌లోనూ అదే వరస. అడగని సౌకర్యాన్ని తెరిచిపెట్టేది వాళ్లు, తాళం వేసుకోవాల్సింది డెబ్బై ఏళ్ల రైతు. వేలితో డబ్బు తీసే సౌకర్యం మొదట మూసి ఉండి, కావాలన్నవాళ్లు సంతకం చేసి తెరిపించుకునేలా ఉండాలి. డేటా రక్షణ చట్టం ఉంది కదా అని మీరు అనొచ్చు. చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలను గట్టిగా బంధించే భాగాలు మాత్రం 2027 మే నుంచి. అప్పటిదాకా మన జాగ్రత్త మనదే.

అందుకే లాక్‌తో ఆగకుండా బ్యాంకులో ఇంకో పని చేయండి. వేలితో పైసలు తీసే అవసరం లేని ప్రతి ఖాతాకూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. అందులో మాటలు ముఖ్యం: "నా ఖాతా నుంచి ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీసే లావాదేవీలను నిలిపివేయగలరు. ఆధార్ ద్వారా నా ఖాతాకు వచ్చే జమలు యథాతథంగా కొనసాగించగలరు." రెండో వాక్యం రాయకపోతే కౌంటర్‌లో ఉన్నవాళ్లు సులువైన దారి పట్టి ఆధార్‌నే ఖాతా నుంచి విడదీస్తారు. ఆ పైన పీఎం కిసాన్ రాదు, పత్తి పైసలు తిరిగిపోతాయి, మొదటికే మోసం వస్తుంది. దరఖాస్తు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కొన్ని బ్యాంకుల మొబైల్ యాప్‌లో ఏఈపీఎస్‌ను ఆపే మీట ఉంటుంది, అది ఇంకా తేలిక.

"మాకట్లా ఆపే ఏర్పాటు లేదు" అని బ్యాంకు అంటే, డబ్బునే పక్కకు జరపండి. పత్తి పైసలు పడగానే వెంటనే అవసరం లేనిది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే దాన్ని వేలితో తీయలేరు. ఏడు రోజుల నుంచీ వేసుకోవచ్చు, అవసరమైతే మధ్యలో తీసేసుకోవచ్చు. లేదా సర్కారు జమలు ఏవీ పడని రెండో ఖాతాను ఓటరు కార్డుతోనో ఉపాధి జాబ్ కార్డుతోనో తీసి, దానికి ఆధార్ ఇవ్వకుండా ఉంచండి. సర్కారు సాయం రాని ఖాతాకు ఆధార్ తప్పనిసరి కాదు. పాన్ లేకపోతే దాని బదులు బ్యాంకు ఇచ్చే డిక్లరేషన్ ఫారం నింపితే సరిపోతుంది.

నెలకొకసారి చూడాల్సినవి రెండున్నాయి. మైఆధార్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తెరిస్తే గడిచిన ఆరు నెలల్లో ఆ ఆధార్‌ను ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, వేలితోనా ఓటీపీతోనా వాడారో వరసగా వస్తుంది, ఒకసారికి యాభై దాకా. ఉదాహరణకు మంగళవారం ఉదయం 11:02, 11:03, 11:05కి మూడు వేలిముద్రల వరసలు ఉండి, పాస్‌బుక్‌లో ఒకే వెయ్యి కనిపిస్తే పర్వాలేదు. రెండు కనిపిస్తే అడగాల్సిందే. రెండోది కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో బాపు పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడటం. 2025 నవంబరు ఆఖర్లో దీని యాప్ ప్రతి కొత్త ఫోన్‌లో ముందే ఉండాలని ఆదేశమిచ్చి, వారం తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకోవడమే సబబు, ఎవరి ఫోన్‌లో ఏముండాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. వెబ్‌సైట్‌లోని తనిఖీ మాత్రం మంచిది. తెలియని నంబరు కనిపిస్తే అక్కడే "ఇది నాది కాదు" అని పెట్టొచ్చు. ఆధార్ జిరాక్సు అడిగినచోట మొదటి ఎనిమిదంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడమూ అలవాటు చేయండి. మైఆధార్‌లో దించుకునేటప్పుడే ఆ గడి టిక్ పెట్టాలి.

ఇంత చేసినా డబ్బు పోతే చేయాల్సింది ఈ వరసలో. మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఖాతా నంబరు, ఎంత, ఎన్ని గంటలకు, ఆర్‌ఆర్‌ఎన్ దగ్గర పెట్టుకోండి. దొంగ దుకాణదారుడి వాలెట్‌లో డబ్బు ఇంకా ఉంటే దాన్ని ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే. వెంటనే బయోమెట్రిక్ లాక్ వేసి, ఆథెంటికేషన్ హిస్టరీని దించి పెట్టుకోండి, ఆరు నెలలు దాటితే అది కనిపించదు. అదే రోజు, కుదరకపోతే మూడు పని దినాల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా మూడో మనిషిదైతే, మూడు పని దినాల్లో చెప్పినవాళ్ల మీద ఒక్క రూపాయి భారమూ పడకూడదు. నాలుగు నుంచి ఏడు దినాలైతే జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 దాకే భారం. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో ఆ మొత్తం ఖాతాలో వేసి, తొంభై రోజుల్లో తేల్చాలి.

శాఖలో మీకు వినిపించే జవాబు "వేలిముద్ర పడింది కదా, అంటే మీ బాపే తీసుకున్నాడు" అని. చాలామంది అక్కడితో వెనుదిరుగుతారు. ఖాతాదారుదే తప్పని నిరూపించాల్సింది బ్యాంకేనని అదే 2017 ఆదేశంలో ఉంది. ఫిర్యాదులోనే ఆ మాట రాయండి: లావాదేవీ జరిగిన దుకాణం చిరునామా, దుకాణదారుడి ఐడీ, పరికరం నంబరు, అది జరిగిన స్థలం వివరాలు ఇవ్వమని అడగండి. బాపు ఆ సమయానికి ఊళ్లో ఉన్నాడనడానికి ఏదైనా ఆధారం, ఉపాధి హాజరో, మార్కెట్ యార్డు తక్‌పట్టీయో, ఆస్పత్రి చీటీయో ఉంటే జతచేయండి. వేలు పెట్టిన దుకాణం బీహార్‌లో ఉండి, బాపు అదే గంటలో వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తూకం వేయించుకుంటుంటే ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. డబ్బు కట్టయి చేతికి రాని మామూలు ఫెయిల్ కేసైతే వేరే లెక్క: ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు అదనంగా ఇవ్వాలి, మీరు అడక్కపోయినా.

ముప్ఫై రోజులైనా బ్యాంకు జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టండి. ఖర్చేమీ లేదు, లాయరు అక్కర్లేదు, సందేహాలకు 14448కి ఫోన్ చేయొచ్చు. దానికి జతచేయాల్సినవి బ్యాంకు ముద్ర ఉన్న ఫిర్యాదు రెండో ప్రతి, 1930 ఇచ్చిన ఫిర్యాదు నంబరు, పాస్‌బుక్ పేజీ, ఆథెంటికేషన్ హిస్టరీ. ఈ నాలుగింట్లో మొదటిది లేకే ఎక్కువ కేసులు వీగిపోతాయి కాబట్టి, శాఖలో ముద్ర వేయమంటే వేయకపోతే అదే కాగితాన్ని అదే రోజు స్పీడ్ పోస్టులో బ్రాంచి మేనేజర్ పేరున పంపి రశీదు దాచుకోండి.